బోడిగుండుకూ పేగుకూ ముడి

పొంతన లేని రెండు సంగతులను ఎవరైనా కలిపి మాట్లాడితే, బోడిగుండుకూ మోకాలికీ ముడివేస్తున్నాడని నవ్వడం మనకు అలవాటు. కొన్నేళ్ళుగా వైద్యపత్రికలలో మోకాలి స్థానంలోకి పేగు వచ్చి చేరింది. 2023 నుంచి వరుసగా వెలువడుతున్న కొన్ని పరిశోధన పత్రాల సారాంశం ఇది: పెద్దపేగులో కాపురముండే బాక్టీరియాలో కొన్ని జాతులు ఎక్కువగా ఉండే స్వభావం కలవారికి మెదడులో కణితి పుట్టే అవకాశం కాస్త ఎక్కువ కావచ్చు, మరికొన్ని జాతుల విషయంలో కాస్త తక్కువ కావచ్చు, ఈ రెంటికీ నడుమ రాయబారం నడిపేవి నెత్తురులో తిరిగే చిన్న చిన్న రసాయనాలు కావచ్చు. మూడుచోట్లా "కావచ్చు" అన్న మాట ఉన్నది. ఆ మాట పత్రికల వార్తలలోకి వచ్చేసరికి సన్నబడి, వాట్సప్ సందేశాలలోకి దిగేసరికి పూర్తిగా మాయమైపోతుంది.

ఈ వార్తలు చదువుతూంటే ఇదే అభియోగాన్ని ఇంతకు మునుపెక్కడో విన్నట్లనిపించింది. వెనక్కి వెళ్ళి చూస్తే, విన్నమాట నిజమే. పేగును బోనులో నిలబెట్టడం ఇది మొదటిసారి కాదు. నూరేళ్ళ కిందట ఒకసారి విచారణ జరిగింది, తీర్పు వచ్చింది, శిక్ష కూడా అమలయింది. శిక్ష అంటే మాటవరసకు అనడం లేదు. నిజంగానే మనుషుల పేగులు కోసి పారేశారు. ఆ కథ తెలియకుండా ఈనాటి పత్రాలను చదవడం, పాత దస్తావేజులు చూడకుండా పొలం కొనడం వంటిది. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట. ఈ ముడి మన భాషకు కొత్త కాదు. కడుపుమంట, కడుపుతీపి, కడుపుకోత, పేగుబంధం - మనసుకు చెందిన బాధలనూ ప్రేమలనూ మనం కడుపులోనే దాచుకున్నాం. నెమ్మదిగా బతకడాన్ని కడుపులో చల్ల కదలకుండా ఉండటం అన్నాం. జఠరాగ్ని మందగిస్తే సరిగా పచనం కాని "ఆమం" ఒళ్ళంతా పాకి రోగాలు పుట్టిస్తుందని ఆయుర్వేదం ఏనాడో చెప్పింది. కాబట్టి ఐరోపావారు పందొమ్మిదో శతాబ్దం చివర ఇదే ఊహను ప్రయోగశాల భాషలో చెప్పబోయినప్పుడు, అది వినడానికి లోకం ఎక్కడైనా సిద్ధంగానే ఉన్నది.

లోపలి విషం

1880లలో పారిస్‌లో షార్ల్ బూషార్ అనే వైద్యాచార్యుడు ఆరోగ్యవంతుల మూత్రాన్ని కుందేళ్ళ రక్తనాళాలలోకి ఎక్కించి చూశాడు. కుందేళ్ళు చచ్చిపోయాయి. మనిషి శరీరం తనకు తానే విషాలు తయారుచేసుకుంటున్నదనీ, అందులో ఎక్కువ భాగం పేగులో కుళ్ళే ఆహారం నుంచి వస్తున్నదనీ, మూత్రపిండాలూ కాలేయమూ కాపలా కాయకపోతే బతకడం కష్టమనీ ఆయన సిద్ధాంతం. దానికి "ఆటో ఇంటాక్సికేషన్" అని పేరు వచ్చింది, స్వయంవిషం అనుకుందాం. 1887లో ఆయన ఉపన్యాసాలు పుస్తకంగా వెలువడ్డాయి.

ఈ ఊహకు పెద్దపీట వేసినవాడు ఇల్యా మెచ్నికోవ్. 1845లో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ ప్రాంతంలో పుట్టి, 1888 నుంచి పారిస్ పాశ్చర్ సంస్థలో పనిచేసిన మహానుభావుడు. ఒంట్లోకి చొరబడిన సూక్ష్మజీవులను తెల్లకణాలు మింగివేస్తాయని కనిపెట్టి, 1908లో పాల్ ఎర్లిహ్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. (ఈ ఎర్లిహ్‌ను గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాడు.) అలాంటివాడు తన చివరి ఇరవై ఏళ్ళలో ముసలితనం మీద దృష్టి పెట్టాడు. పెద్దపేగులోని కుళ్ళబెట్టే బాక్టీరియా ఫినాల్, ఇండోల్ వంటి పదార్థాలను పుట్టిస్తున్నాయి. అవి నెత్తురులో కలిసి నాడులనూ మెదడునూ ముసలివాటిని చేస్తున్నాయి. పుల్లని పాలలోని లాక్టిక్ ఆమ్లం ఆ బాక్టీరియాను అణచుతుంది - ఇదీ ఆయన వాదం. 1904లో పారిస్‌లో ఆయన ఉపన్యాసం తరువాత పెరుగు మందుల దుకాణాల సరుకయింది. తాను కూడా ఏళ్ళ తరబడి పుల్లని పాలు తాగి, 1916లో డెబ్బైయొకటో ఏట గుండెజబ్బుతో పోయాడు.

మెచ్నికోవ్ వాదంలో మూడు మెట్లున్నాయి. పేగులో సూక్ష్మజీవులున్నాయి - నిజం. అవి చేసే రసాయనాలు నెత్తురులోకి వస్తాయి - నిజం, మూత్రంలో వాటి జాడ కొలవవచ్చు కూడా. అవే మెదడును పాడుచేస్తున్నాయి - ఇది ఊహ. మొదటి రెండు మెట్ల గట్టితనం చూసి లోకం మూడో మెట్టు మీద నిర్భయంగా కాలు వేసింది. దారి ఉన్నదని రుజువైతే, దొంగ ఆ దారినే వచ్చాడని రుజువైనట్టు కాదు గదా!

కత్తి

లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో సర్ విలియం ఆర్బత్‌నాట్ లేన్ అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. విరిగిన ఎముకలను లోహపు పలకలతో, మరలతో బిగించడంలో అగ్రగణ్యుడు. చేతివాటంలో ఆయనకు సాటి లేరని అందరూ ఒప్పుకునేవారు. ఆయన పెద్దపేగును మురుగుకాలువగా చూశాడు. మలబద్ధకం వల్ల విషాలు పేరుకుని తలనొప్పి, నిస్త్రాణ, దిగులు, కీళ్ళ జబ్బులు, చివరకు రాచపుండు కూడా వస్తాయని నమ్మాడు. పెరుగు తాగి కూర్చోవడం ఆయన పద్ధతి కాదు. మొదట పెద్దపేగును పక్కకు తప్పించి చిన్నపేగును కిందికి కలిపేవాడు. తరువాత తరువాత పెద్దపేగునే పూర్తిగా తీసివేయసాగాడు. సూక్ష్మజీవనాశకాలు (యాంటీబయాటిక్స్) లేని కాలమది. 1906లో బెర్నార్డ్ షా రాసిన "ది డాక్టర్స్ డైలమా" నాటకంలో, ప్రతి రోగికీ ఒకే సంచి కోసి తీసివేయాలనే సర్జన్ పాత్ర ఉన్నది; చూసినవారికి ఆ కాలపు శస్త్రవైద్యం గుర్తుకు రాకపోదు. 1913లో లండన్ రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్‌లో ఈ విషయం మీద సుదీర్ఘమైన చర్చ జరిగింది. లేన్ సిద్ధాంతం అక్కడ గట్టి దెబ్బలే తిన్నది.

పేగు నుంచి మెదడుకు వేసిన ముడి అత్యంత ఘోరంగా బిగిసింది అమెరికాలో. న్యూజెర్సీ రాష్ట్రం ట్రెంటన్ మానసిక వైద్యశాలకు 1907లో అధిపతిగా వచ్చిన హెన్రీ కాటన్, పిచ్చికి కారణం శరీరంలో ఎక్కడో దాగిన చీము అని నిశ్చయించుకున్నాడు. మొదట రోగుల పళ్ళు పీకించాడు, తరువాత టాన్సిల్స్, అప్పటికీ బాగుపడకపోతే పెద్దపేగు. నమ్మకం ఎంతటిదంటే తన కన్నకొడుకుల పళ్ళు కూడా పీకించాడు. పేగు తీయించుకున్న రోగులలో దాదాపు మూడోవంతు మంది చనిపోయారని ఆయన లెక్కలే ఒప్పుకున్నాయి. 1920ల నడుమ ఫిలిస్ గ్రీనేకర్ అనే యువ వైద్యురాలు ఆ రోగుల రికార్డులన్నీ ఓపికగా తిరగేసి చూస్తే, ఎక్కువ చికిత్స జరిగినవారే తక్కువగా బాగుపడ్డారని తేలింది. ఆ నివేదికను పెద్దలు బయటికి రానివ్వలేదు. కాటన్ 1933లో మరణించేవరకూ గౌరవంగానే బతికాడు.

సిద్ధాంతాన్ని కూల్చిన ప్రయోగం మాత్రం నవ్వు తెప్పించేంత చిన్నది. మలబద్ధకంతో వచ్చే తలనొప్పీ మందకొడితనమూ విషం వల్లనే అయితే, మలవిసర్జన అయిన నిమిషాలలో ఎలా మాయమవుతాయి? నెత్తురులోని విషం అంత త్వరగా పోదు గదా! 1919లో వాల్టర్ అల్వరెజ్ అనే అమెరికన్ వైద్యుడు, ఇది పేగు సాగడం వల్ల నాడులకు కలిగే ఇబ్బందే కాని విషం కాదని వాదించాడు. ఆ తరువాత ఆరోగ్యవంతుల పురీషనాళంలో దూది కూరి చూస్తే అవే లక్షణాలు కనిపించాయి. దూదిలో విషమెక్కడిది? స్వయంవిష సిద్ధాంతానికి వైద్యవిద్యాలయాలలో గౌరవం పోయింది. కత్తికి బలైనవారు ఈ వాదన జరిగేదాకా ఆగలేదు.

మనవాడొకడు

ఆ తరువాత పేగుమాట ఎత్తితేనే పెద్ద శాస్త్రజ్ఞులు మొహం చిట్లించే కాలం ఒకటి నడిచింది. అయినా అదే కాలంలో పేగు నుంచి నెత్తురుకూ, నెత్తురు నుంచి కాన్సరుకూ వెళ్ళే దారిలో నిజమైన అడుగులు వేసినవాడు ఒకడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

స్ప్రూ అనే పేగువ్యాధి ఆయన కుటుంబాన్ని కబళించింది. ఆయన్నూ ఒకసారి చావు అంచుదాకా తీసుకువెళ్ళింది. స్ప్రూలో పేగు పోషకాలను పీల్చుకోలేదు, నెత్తురు పలచబడుతుంది. ఆ లోటు పేరు ఫోలిక్ ఆమ్లం అని తేలడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1931లో లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను ఈస్టు సారంతో నయంచేసి, అందులో ఏదో ఒక పదార్థం ఉన్నదని చూపింది. 1940లలో ఎలుకలకు సల్ఫా మందులు పెట్టి పేగుల్లోని బాక్టీరియాను అణచితే, వాటికి ఫోలిక్ ఆమ్లపు లోటు కనిపించింది. అంటే ఆ బాక్టీరియా పోషకాన్ని తయారుచేసి పెడుతున్నదన్న మాట! మెచ్నికోవ్ లోపల శత్రువులను మాత్రమే చూశాడు; ఈ ఎలుకలు లోపలి వంటవాళ్ళను చూపించాయి. 1945లో లెడర్లీ సంస్థలో సుబ్బారావు నాయకత్వాన ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైంది. స్ప్రూకు అది మందయింది.

కథ అక్కడితో ఆగలేదు. ఆ ఆమ్లపు రూపాలు ఇచ్చినప్పుడు పిల్లల రక్తకాన్సరు మరింత విజృంభించినట్లు బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్‌కు అనిపించింది. అయితే దానికి విరోధి పదార్థం ఇస్తే? సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో తాత్కాలికంగానైనా జబ్బు తగ్గుముఖం పట్టినట్లు 1948లో ప్రకటించాడు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశాడు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను మెదడులో పుట్టే లింఫోమా అనే కణితికి పెద్ద మోతాదులో ఈనాటికీ వాడుతున్నారు. భీమవరపు పేగుజబ్బు నుంచి మెదడు కణితి మందుదాకా ఒక దారి నిజంగానే ఉన్నదన్న మాట.

ఈ దారి నిలిచింది, లేన్ దారి కూలింది. తేడా ఎక్కడ? లేన్ "విషాలు" అన్నాడు. అవి ఏవో, ఎంతో, ఎలాగో చెప్పలేదు. సుబ్బారావు తరంవారు ఒక్క పదార్థానికి పేరు పెట్టారు, తూచారు, తయారుచేశారు, ఇచ్చి చూశారు, అడ్డుపెట్టి చూశారు. నా మట్టుకు నేను ఏ వైద్యవార్త చదివినా ఈ రెంటిలో ఏ కోవకు చెందుతుందని ముందుగా అడుగుతాను.

కోటగోడ

ఇప్పుడు ఎర్లిహ్ దగ్గరికి వద్దాం. 1885లో ఆయన జంతువుల నెత్తురులోకి అద్దకపు రంగులు ఎక్కిస్తే అవయవాలన్నిటికీ రంగు పట్టింది, మెదడుకు మాత్రం పట్టలేదు. మెదడు కణజాలానికి ఆ రంగంటే పడదని ఆయన సరిపెట్టుకున్నాడు. ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ 1913లో రంగును మెదడు చుట్టూ ఉండే ద్రవంలోనే నేరుగా కలిపితే మెదడు చక్కగా రంగు పట్టింది. అంటే అడ్డు మెదడులో కాదు, మెదడుకూ నెత్తురుకూ మధ్యన ఉన్నది. అదే రక్త-మస్తిష్క అవరోధం, కోటగోడ అనుకుందాం. నోబెల్ వేదిక మీద పక్కపక్కన నిలిచిన ఇద్దరిలో ఒకరు పేగు నుంచి మెదడుకు విషం పాకుతుందన్నవారు. రెండోవారు ఆ పాకడానికి అడ్డంగా ఉన్న గోడ ఛాయను తెలియకుండానే చూసినవారు.

ఈ గోడ గురించి 2014లో స్వీడన్‌లోని కరోలిన్స్కా సంస్థ పరిశోధకులు ఒక విచిత్రం చూపారు. పుట్టినప్పటి నుంచి ఒక్క సూక్ష్మజీవి కూడా సోకకుండా పెంచిన చిట్టెలుకలలో ఆ గోడ కారుతున్నది. వాటి పేగులలో బాక్టీరియాను నాటితే గోడ గట్టిపడింది. బాక్టీరియా చేసే బ్యుటిరేట్ అనే చిన్న ఆమ్లం ఇచ్చినా గట్టిపడింది. మనం తినే పీచును పేగులోని బాక్టీరియా పులియబెట్టి చేసే పదార్థమిది. మరుసటి ఏడు జర్మనీ శాస్త్రజ్ఞులు, అటువంటి చిట్టెలుకల మెదడులో కావలి కణాలు కూడా సరిగా ఎదగలేదని చూపారు. మెచ్నికోవ్ విషమన్న ఇండోల్ వంశపు పదార్థాలు కొన్ని, మెదడులో వాపును చల్లార్చే సంకేతాలుగా పనిచేస్తాయని 2016లో మరో బృందం ఎలుకలలో గమనించింది. నూరేళ్ళ కిందటి ముద్దాయి ఇప్పుడు సాక్షిగా వచ్చి నిలబడ్డాడు.

మెదడులో ఒక గాయానికి పేగు నిజంగానే కారణమని చూపిన ఉదాహరణ కూడా ఒకటి ఉన్నది. మెదడులో సన్నని రక్తనాళాలు ఉబ్బి, తేనెతుట్టెలా ముద్దగా తయారయ్యే ఒక జబ్బున్నది. ఇది కాన్సరు కాదు. 2017లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్క్ కాన్ బృందం, జన్యులోపం ఉన్న ఎలుకలలో ఈ ముద్దలు పెరగడానికి పేగులోని ఒక తెగ బాక్టీరియా పైపొర పదార్థం నెత్తురులోకి రావడం అవసరమని చూపింది. ఏ పదార్థమో తెలుసు, నాళపు గోడలో అది తాకే గ్రాహకం ఏదో తెలుసు, ఆ బాక్టీరియా లేకుండా పెంచితే ముద్దలు దాదాపు పుట్టనే లేదు. సుబ్బారావు కోవకు చెందిన రుజువంటే ఇది. మెదడు కణితుల విషయంలో ఇలాంటి రుజువు ఇంకా రాలేదు.

కుమ్మరి గాడిద

మన తార్కికులు కారణం అంటే ఏమిటని చర్చిస్తూ కుమ్మరి గాడిదను ఉదాహరణగా తెచ్చారు. మట్టి మోసుకొచ్చిన గాడిద కుండకు ముందూ ఉన్నది, దగ్గరా ఉన్నది. అంతమాత్రాన కుండకు కారణమా? కాదు, అది "అన్యథాసిద్ధం" అన్నారు. కణితి ఉన్న రోగి పేగును పరీక్షిస్తే బాక్టీరియా మారిపోయి కనిపిస్తుంది, నెత్తురులో రసాయనాలు మారి కనిపిస్తాయి. కాని ఆ రోగి స్టెరాయిడ్లు వాడుతున్నాడు, సూక్ష్మజీవనాశకాలు మింగాడు, ఆకలి చచ్చి తిండి మారింది. ఎవరు కుమ్మరి, ఎవరు గాడిద?

పైగా కణితి తానే నెత్తురును మార్చగలదు. 2008లో గ్లయోమా కణితులలో ఐడీహెచ్1 అనే జన్యువు మార్పుచెంది ఉండటం కనిపించింది. ఆ మార్పు వల్ల కణం 2-హైడ్రాక్సీగ్లుటరేట్ అనే రసాయనాన్ని గుట్టలుగా తయారుచేస్తుందని 2009లో తేలింది. ఆ ఎంజైమును ఆపే వొరాసిడెనిబ్ అనే మందుకు 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది. అక్కడ రసాయనం ముఖ్యమే, కాని దాన్ని చేసింది పేగు కాదు, కణితే.

ఈ చిక్కును విప్పడానికి ఒక తెలివైన ఉపాయాన్ని 1986లో నెదర్లాండ్స్ పోషకాహార శాస్త్రజ్ఞుడు మార్టిన్ కాటన్ "లాన్సెట్" పత్రికకు రాసిన చిన్న లేఖలో సూచించాడు. (ట్రెంటన్ కాటన్‌కూ ఈయనకూ పేరులోని ధ్వనిసామ్యం తప్ప చుట్టరికం లేదు.) అప్పట్లో నెత్తురులో కొలెస్టరాల్ తక్కువగా ఉన్నవారికి కాన్సరు ఎక్కువ వస్తున్నట్లు కనిపించి డాక్టర్లు కంగారు పడుతున్నారు. తక్కువ కొలెస్టరాల్ కాన్సరును తెస్తున్నదా, లేక బయటపడని కాన్సరే కొలెస్టరాల్‌ను తినేస్తున్నదా? అపోఈ అనే జన్యువులో ఒక రకం ఉన్నవారికి పుట్టుక నుంచీ కొలెస్టరాల్ తక్కువ. తక్కువ కొలెస్టరాలే దోషి అయితే, కాన్సరు రోగులలో ఆ జన్యువు ఉన్నవారు ఎక్కువగా ఉండాలి. జన్యువును తల్లి కడుపులో పడ్డనాడే చీటీ తీసినట్టు పొందుతాము; ఆ చీటీని కణితి మార్చలేదు, తిండి మార్చలేదు. 2003లో జార్జ్ డేవీ స్మిత్, షా ఇబ్రహీం ఈ పద్ధతిని విస్తరించి ప్రచారంలోకి తెచ్చారు. మొక్కలతో ఈ చీట్ల సూత్రం కనిపెట్టిన మెండెల్ పేరు మీద దీన్ని మెండీలియన్ రాండమైజేషన్ అంటారు. 2012లో ఈ పద్ధతే, "మంచి కొలెస్టరాల్" పెంచే జన్యువు ఉన్నంత మాత్రాన గుండెపోటు తగ్గదని చూపి, ఎన్నో ఏళ్ళ నమ్మకాన్ని కదిలించింది. గాడిదలను ఏరివేయడంలో దీని సమర్థత తక్కువది కాదు.

మన మొదటి పేరాలోని పత్రాలు ఈ పద్ధతిలో పుట్టినవే. వాటి ముడిసరుకు మూడు పెద్ద పనుల నుంచి వచ్చింది: 2021లో 18,340 మంది జన్యువులనూ పేగు బాక్టీరియానూ పోల్చి 211 తెగలకు లెక్కలు ఇచ్చిన మైబయోజెన్ కూటమి, 2023లో కెనడాలో 8,299 మంది నెత్తురులో 1,091 రసాయనాలనూ, 309 నిష్పత్తులనూ కొలిచిన అధ్యయనం, 2017లో 12,496 మంది గ్లయోమా రోగులను 18,190 మంది ఇతరులతో పోల్చిన అధ్యయనం. ఈ దత్తాంశాలు బహిరంగం. ఎవరైనా కంప్యూటరు ముందు కూర్చుని కలిపి చూడవచ్చు. అందుకే పత్రాలు ఇన్ని వస్తున్నాయి, అవి ఇచ్చే బాక్టీరియా జాబితాలు ఒకదానితో ఒకటి అంతగా కలవడమూ లేదు.

ఎందుకు కలవవో చిన్న లెక్క చెబుతుంది. నూటికి అయిదు పాళ్ళు పొరపాటును అనుమతించే కొలబద్దతో 211 తెగలను పరీక్షిస్తే, ఏ సంబంధమూ లేకపోయినా పదో పదకొండో తెగలు కేవలం కాకతాళీయంగా "దోషులు"గా తేలతాయి. 1,400 రక్తపు కొలతలను పరీక్షిస్తే డెబ్బై. తెగలనూ కొలతలనూ జతలుగా కలిపితే దాదాపు మూడు లక్షల జతలు! తగిన సవరణ చేస్తే ఆ పేర్లలో చాలావరకు రాలిపోతాయి.

రెండో ఇబ్బంది చీట్ల బలహీనత. పేగు బాక్టీరియాను నిర్ణయించడంలో జన్యువుల వాటా కొద్ది. తిండి, ఊరు, మందుల వాటా పెద్ద. జన్యుశాస్త్రంలో ఆనవాయితీగా రెండు కోట్లలో ఒక్క పాలు మాత్రమే పొరపాటును సహించే కఠిన నియమం పెడతారు. ఆ నియమానికి నిలిచే బాక్టీరియా జన్యువులు బహు తక్కువ కనుక, ఈ పత్రాలు చాలావరకు లక్షలో ఒక పాలుకు నియమాన్ని సడలించాయి. కఠిన నియమానికి గట్టిగా నిలిచినది పాలను అరిగించే లాక్టేజ్ జన్యువు. పాలు అరగనివారిలో బిఫిడోబాక్టీరియా ఎక్కువ. కాని ఆ జన్యువు బాక్టీరియాను మాత్రమే మారుస్తుందా? మనిషి పాలు తాగడాన్నీ మారుస్తుంది. ఫలితం బాక్టీరియాదా, పాలదా? గాడిద మళ్ళీ వాకిట్లోకి వచ్చింది. పైగా ఈ లెక్కలలో ఉన్నవారు అత్యధికులు ఐరోపా సంతతివారు. పెద్దయ్యాక పాలు సరిగా అరగనివారు అధికసంఖ్యలో ఉండి, పెరుగూ మజ్జిగతో సర్దుకునే మన దక్షిణాదికి ఆ లెక్కలను యథాతథంగా అన్వయించడం కుదరదు.

వండిపెట్టిన చేయి

ఇంత శ్రమపడి ఇదంతా రాయడానికి కారణం శాస్త్రకుతూహలం ఒక్కటే కాదు. మాకు పిన్ని వరుసయ్యే ఒకామె భర్తకు గ్లయోబ్లాస్టోమా అనే కణితి వచ్చింది. ఆపరేషన్, రేడియేషన్, మాత్రలు అన్నీ జరుగుతున్న రోజులలో, ఎవరో పంపిన సందేశం పట్టుకుని మలపరీక్ష చేసి "చెడు బాక్టీరియా" జాబితా ఇచ్చే ఒక వ్యాపారసంస్థను ఆశ్రయించారు. జాబితాతోపాటు నెలకు సరిపడా మాత్రల పొట్లాలు, వాటి ఖరీదూ వచ్చాయి. డబ్బు పోతే పోయింది. ఆ కాగితం చూశాక పిన్ని నన్ను అడిగిన ప్రశ్న వేరు. "ముప్ఫై ఏళ్ళు నా చేత్తో వండిపెట్టాను నాయనా, ఆ తిండే ఇంత పని చేసిందా?"

ఆ ప్రశ్నకు జవాబు చరిత్రలోనే ఉన్నది. గ్లయోబ్లాస్టోమా అమెరికా లెక్కల ప్రకారం ఏటా లక్షమందిలో సుమారు ముగ్గురికి వస్తుంది. ఏదో ఒక బాక్టీరియా ఆ అవకాశాన్ని నూటికి ఇరవై పాళ్ళు పెంచుతుందని రేపు రుజువైనా, లక్షకు ముగ్గురు మూడున్నర చిల్లర అవుతారు. ఏ ఒక్క మనిషి విషయంలోనూ ఇది ఈ కూర వల్ల వచ్చిందని చూపగల పరీక్ష లేదు. మెదడు కణితికి బయటి కారణంగా గట్టిగా రుజువైనది రేడియేషన్. 1948 తరువాతి పన్నెండేళ్ళలో ఇజ్రాయెల్‌లో తలమీది తామరకు వైద్యంగా, జుట్టు రాలిపోవడానికి దాదాపు 11,000 మంది పిల్లల తలలకు ఎక్స్‌రేలు పెట్టారు. వారిలో కొందరికి పెద్దయ్యాక మెదడు కణితులు వచ్చాయని 1988లో తేలింది. బోడిగుండుకూ కణితికీ ముడి అక్కడ నిజమయింది. ఆ ముడి వేసినది వంటిల్లు కాదు, వైద్యమే.

ఇదే పిన్నికి చెప్పాను. ఆమె తల ఊపింది. నమ్మిందో లేదో చెప్పలేను. ఆ పొట్లాలు మాత్రం మళ్ళీ తెప్పించలేదు.

నేను పేగు పరిశోధనకు వ్యతిరేకిని కాను. పేగు నుంచి మెదడుకు దారి ఉన్నదని ఎలుకలు చూపాయి. ఆ దారిలో కణితికి సంబంధించిన రాకపోకలు ఏమైనా ఉన్నాయేమో వెతకవలసిందే. ఇప్పటి పత్రాలు ఎక్కడ తవ్వాలో చెప్పే గుర్తులు. వాటిలోని ఏ ఒక్క రసాయనాన్నయినా ఎవరో ఒకరు పేరు పెట్టి, తూచి, ఇచ్చి, ఆపి చూపిన రోజున సంతోషంగా ఒప్పుకుంటాను. అందాకా ఆ జాబితాలు శాస్త్రజ్ఞుల బల్ల మీద ఉండవలసినవి, రోగి ఇంటి వంటగదిలోకి రాదగినవి కావు. లేన్ కత్తికీ, కాటన్ కొరముట్టుకూ బలైనవారు, తమ జబ్బుకు తమ ఒళ్ళే నేరం చేసిందని నమ్మి బల్ల ఎక్కారు. ఈ కాలంలో కత్తి లేదు. ఆ నమ్మకం మాత్రం పొట్లాలలో అమ్ముడవుతున్నది. మీ ఇళ్ళలో ఎవరైనా ఇలాంటి కాగితం చేతపట్టుకుని కుమిలిపోతూ ఉంటే, ముందుగా ఆ వండిపెట్టిన చేతిమీద నింద లేదని చెప్పండి. అది ఈనాటి శాస్త్రం నిస్సంకోచంగా చెప్పగలిగిన మాట.